లోహానికీ అలసట ఉంది: పీడన పాత్రల రూపకల్పనలో చక్రీయ భారం

సూరత్ నగరం దాటి హజీరా వైపు సాగే రహదారి మీద ఇచ్ఛాపూర్ ఉంటుంది. ఆ పేరు వినగానే తెలుగు శ్రోతలకు శ్రీకాకుళం జిల్లా కొసన, ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఇచ్ఛాపురం గుర్తుకు రావచ్చు. పేరులో పోలికే తప్ప ఆ రెండు ఊళ్లకు మరే సంబంధమూ లేదు. గుజరాత్‌లోని ఈ ఇచ్ఛాపూర్‌లో పారిశ్రామిక వాడ ఉంది, వజ్రాభరణాల పార్కు ఉంది. అక్కడి నుంచి తపతీ నది ఖంభాత్ సింధుశాఖలో కలిసే చోటు వరకు భారీ పరిశ్రమలు బారులు తీరి కనిపిస్తాయి. ఎన్‌టీపీసీ వారి కవాస్ విద్యుత్ కేంద్రం, ఓఎన్‌జీసీ వారి సహజవాయు శుద్ధి కేంద్రం, క్రిబ్‌కో ఎరువుల కర్మాగారం, ద్రవీకృత సహజవాయువును దింపుకునే టెర్మినల్, ఉక్కు కర్మాగారం, లార్సెన్ అండ్ టూబ్రో వారి భారీ యంత్ర నిర్మాణ సముదాయం అన్నీ ఈ దారిలోనివే.

వీటన్నిటిలోనూ ఉమ్మడిగా కనిపించే వస్తువు ఒకటుంది. దానినే ఇంజనీర్లు పీడన పాత్ర, వాడుకలో ప్రెషర్ వెసెల్ అంటారు. బయటి గాలి కంటే ఎక్కువ పీడనంతో వాయువునో ద్రవాన్నో ఆవిరినో లోపల పట్టి ఉంచే మూసిన లోహపు పాత్ర ఇది. వంటింటి ప్రెషర్ కుక్కరు దీని చిన్న రూపం. పంక్చర్ల దుకాణంలోని గాలి ట్యాంకు, ఆటో వెనుక బిగించిన సీఎన్‌జీ సిలిండరు, ఆసుపత్రి ఆవరణలోని ఆక్సిజన్ యంత్రపు స్తంభాలు, చమురు శుద్ధి కర్మాగారంలో వందల టన్నులు తూగే రియాక్టర్లు అన్నీ ఈ కుటుంబానికి చెందినవే. హజీరాలో తపతీ తీరాన తయారైన ఇటువంటి పాత్రలు ఓడలపై దేశవిదేశాలకు వెళుతుంటాయి. మన విశాఖపట్నంలోనూ ఈ విద్యకు దీర్ఘ చరిత్ర ఉంది. 1966లో ఏర్పడిన భారత్ హెవీ ప్లేట్ అండ్ వెసెల్స్ సంస్థ పేరులోనే ప్లేట్లూ వెసెల్సూ ఉన్నాయి. 2013లో అది బీహెచ్ఈఎల్‌లో విలీనమైంది.

ఈ పాత్రలు ఎంత పీడనాన్ని తట్టుకుంటాయన్నది అందరూ అడిగే ప్రశ్న. ఎన్నిసార్లు తట్టుకుంటాయన్నది అంతగా ఎవరూ అడగనిది. ప్రాణాల మీదికి వచ్చే సందర్భాలు ఆ రెండో ప్రశ్నలోనూ దాగి ఉన్నాయి.

ఎంత, ఎన్నిసార్లు

స్తంభాకారపు పాత్ర గోడ ఎంత మందం ఉండాలో తేల్చే లెక్క సులువైనదే. లోపలి పీడనాన్ని పాత్ర వ్యాసార్ధంతో హెచ్చించి, ఆ లోహానికి అనుమతించిన ప్రతిబలంతో భాగిస్తే స్థూలంగా మందం వస్తుంది. రెండు మీటర్ల వ్యాసం, 10 బార్ల పీడనం, సాధారణ బాయిలర్ రకపు ఉక్కు అనుకుంటే సుమారు 7 మిల్లీమీటర్ల గోడ సరిపోతుంది. అతుకుల బలహీనతకు, తుప్పుకు మరికొంత కలుపుతారు. ఈ లెక్కలో కాలానికి చోటు లేదు. పాత్రను ఒక్కసారి నింపి యాభై ఏళ్లు అలాగే ఉంచినా, గంటకు పదిసార్లు నింపి ఖాళీ చేసినా సమాధానం ఒక్కటే.

లోహం మాత్రం ఈ రెండింటినీ ఒక్కటిగా చూడదు. ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరగ్గొట్టడం చిన్నప్పుడు అందరూ చేసిన పనే. ఒకసారి వంచితే తీగకు ఏమీ కాదు. పదిసార్లు వంచితే వేడెక్కి, తెల్లబడి, పుటుక్కున తెగుతుంది. పీడన పాత్రలో జరిగేది ఇదే, కంటికి కనబడని స్థాయిలో. పీడనం పెరిగినప్పుడు గోడ వెంట్రుకవాసి సాగుతుంది, తగ్గినప్పుడు యథాస్థితికి వస్తుంది. పీడనం గానీ ఉష్ణోగ్రత గానీ ఇలా ఒకసారి పెరిగి తిరిగి తగ్గితే దానిని ఒక ఆవృత్తి అంటారు. ఆవృత్తులుగా వచ్చే ఈ బరువును చక్రీయ భారమనీ, దానివల్ల లోహంలో పేరుకునే నష్టాన్ని లోహపు అలసట లేదా శ్రాంతి అనీ వ్యవహరిస్తారు.

అలసట అనే మాట ఒక విధంగా తప్పుదోవ పట్టిస్తుంది. అలసిన మనిషి విశ్రాంతి తీసుకుంటే కోలుకుంటాడు. లోహానికి ఆ అవకాశం లేదు. ప్రతి ఆవృత్తిలోనూ ఉపరితలంలోని స్ఫటికాల పొరలు ఒకదానిపై ఒకటి ఇసుమంత జారి, వెనక్కి పూర్తిగా రాకుండా ఉండిపోతాయి. అక్కడ సూక్ష్మమైన బీట పుడుతుంది. తరువాత ఒక్కో ఆవృత్తికి మిల్లీమీటరులో వేల వంతో లక్షల వంతో ముందుకు పాకుతుంది. జీవితంలో అధిక భాగం అది పరీక్షలకు సైతం అందనంత చిన్నదిగానే ఉంటుంది. పగులు పెరిగే వేగం ప్రతిబలపు మార్పుకు ఘనమూలంలో కాదు, దాదాపు ఘనంలో ఉంటుంది. అంటే ప్రతిబలపు ఊగిసలాట రెట్టింపైతే పగులు సుమారు ఎనిమిది రెట్లు వేగంగా పాకుతుంది. చివరకు మిగిలిన గోడ భారాన్ని మోయలేని రోజున, మామూలు పీడనం వద్దనే, ముందస్తు సూచన ఏదీ లేకుండానే పాత్ర తెగిపోవచ్చు.

రైలు ఇరుసు నుంచి విమానం దాకా

ఈ జ్ఞానం పరిశ్రమకు ప్రమాదాల ద్వారానే అబ్బింది. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్‌కు బయలుదేరిన రైలు ఇంజను ఇరుసు విరిగింది. పెట్టెలకు నిప్పంటుకుని పదుల సంఖ్యలో ప్రయాణికులు మరణించారు. విరిగిన ఇరుసులు అంతకు ముందు ఎన్నో వేల మైళ్లు బాగానే నడిచినవి కావడం ఇంజనీర్లను అయోమయంలో పడవేసింది. ప్రష్యా రైల్వేల ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850ల నుంచి దాదాపు రెండు దశాబ్దాలు ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి, ప్రతిబలం ఎంత ఉంటే ఎన్ని ఆవృత్తులకు లోహం తెగుతుందో పట్టికలు తయారుచేశాడు. ఒక హద్దుకు దిగువన ఉక్కు దాదాపు ఎన్నిసార్లయినా తట్టుకుంటుందని కూడా ఆయన గమనించాడు. నేటికీ ఇంజనీర్లు వాడే అలసట వక్రరేఖలకు మూలం అదే.

పీడన పాత్రల విషయంలో ఆ పాఠం ఆకాశంలో నేర్చుకోవలసి వచ్చింది. ఎత్తున ఎగిరే విమానపు దేహం కూడా ఒక పీడన పాత్రే. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపల గాలి నిండి అది ఉబ్బుతుంది, దిగినప్పుడు సడలుతుంది. ప్రపంచపు తొలి జెట్ ప్రయాణిక విమానం కామెట్ 1954 జనవరి 10న ఇటలీ తీరంలో ఎల్బా ద్వీపం సమీపాన గాలిలోనే విచ్ఛిన్నమైంది. ఏప్రిల్ 8న నేపుల్స్ సమీపాన మరొకటి కూలింది. బ్రిటన్‌లోని ఫార్న్‌బరోలో పరిశోధకులు ఒక కామెట్ విమానాన్ని నీటి తొట్టిలో ఉంచి, లోపలి పీడనాన్ని మళ్లీ మళ్లీ పెంచి తగ్గించారు. అంతకు ముందు చేసిన ప్రయాణాలతో కలిపి 3,057వ ఆవృత్తి వద్ద ఒక ద్వారపు మూలలో మొదలైన పగులు దేహాన్ని చీల్చివేసింది. కూలిన రెండు విమానాలలో ఒకటి 1,290 ప్రయాణాలు, మరొకటి 900 ప్రయాణాలు మాత్రమే చేశాయి.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీదుగా ఎగురుతున్న అలోహా సంస్థ బోయింగ్ 737 పైకప్పు ఊడిపోయిన ఘటన మరో కోణాన్ని చూపింది. ఆ విమానం గాలిలో గడిపింది 35 వేల గంటలకు పైగా. ఎగిరి దిగింది మాత్రం 89,680 సార్లు. దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాలు కావడంతో గంటల కంటే ఆవృత్తులే ఎక్కువయ్యాయి. యంత్రానికి వయసును ఏ కొలతతో చూడాలో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఒకే దారిలో మూడు తరహాలు

ఇచ్ఛాపూర్ దారిలోని పరిశ్రమలలో వాడే, లేక తయారయ్యే పాత్రలనే తీసుకుంటే, అలసట అన్నిటికీ ఒకేలా రాదన్నది తెలుస్తుంది.

మొదటిది యూరియా రియాక్టరు. హజీరాలో క్రిబ్‌కోకు, మన రామగుండం ఎరువుల కర్మాగారానికి కూడా ఇటువంటిది ప్రాణంతో సమానం. లోపల పీడనం 140 బార్ల స్థాయిలో ఉంటుంది, గోడ చాలా మందం. అయితే కర్మాగారం ఒకసారి మొదలైతే నెలల తరబడి నిలకడగా నడుస్తుంది. ఆగడం, మళ్లీ మొదలవడం ఏడాదికి కొన్నిసార్లే. పాతికేళ్లలో కొన్ని వందల ఆవృత్తులు దాటవు. ఇక్కడ ఇంజనీరుకు అలసట కంటే తుప్పే పెద్ద శత్రువు.

రెండోది కోక్ డ్రమ్ము. హజీరాలో తయారై చమురు శుద్ధి కర్మాగారాలకు చేరే ఈ పాత్రలు వింతైన జీవితం గడుపుతాయి. ముడి చమురు నుంచి అన్నీ తీసివేయగా మిగిలే తారు వంటి అడుగు పదార్థాన్ని సుమారు 500 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి డ్రమ్ములోకి పంపుతారు. అక్కడ అది విడిపోయి, తేలిక నూనెలు ఆవిరై పైకి పోతాయి, అడుగున గట్టి బొగ్గు పేరుకుంటుంది. డ్రమ్ము నిండగానే ప్రవాహాన్ని జంట డ్రమ్ములోకి మళ్లించి, మొదటిదానిలోకి ఆవిరిని, తరువాత నీటిని పంపి చల్లారుస్తారు. మూతలు తెరచి, అతి వేగంగా చిమ్మే నీటితో బొగ్గును కోసి తీస్తారు. మళ్లీ వేడిచేసి నింపుతారు. ఈ మొత్తం తంతు ఒకటి ఒకటిన్నర రోజులలో పూర్తవుతుంది.

లోపలి పీడనం కొద్ది బార్లే. యూరియా రియాక్టరుతో పోలిస్తే లెక్కలోనిది కాదు. ఇక్కడ లోహాన్ని హింసించేది వేడి. కొన్ని గంటల్లో గోడ 400 డిగ్రీల పై నుంచి 100 డిగ్రీల దిగువకు జారుతుంది. చల్లటి నీరు బొగ్గులోని సందుల గుండా ఎటు దారి దొరికితే అటు పారుతుంది కనుక, గోడలో ఒక చోట చల్లబడి ముడుచుకుంటుంటే పక్కనే మరో చోట ఇంకా వేడితో సాగి ఉంటుంది. ఈ లాగులాటలో ఏళ్లు గడిచేసరికి గోడ అక్కడక్కడ కుండ కడుపులా ఉబ్బుతుంది, అడ్డ అతుకుల వెంబడి పగుళ్లు వస్తాయి. డ్రమ్మును నేలపై నిలబెట్టే లోహపు పీఠాన్ని స్కర్ట్ అంటారు. పాత్ర చల్లబడినా స్కర్ట్ వేడిగానే ఉండటం, పాత్ర వేడెక్కినా స్కర్ట్ చల్లగా ఉండటం వల్ల ఆ రెండూ కలిసే అతుకు ప్రతి విడతా వంగుతుంది. అందుకే స్కర్ట్ పైభాగంలో తాళంచెవి రంధ్రం ఆకారంలో నిలువు చీలికలు కోసి, అది కాస్త ఒదిగేలా చేస్తారు. బలం పెంచడానికి లోహాన్ని తీసివేయడం చూసేవారికి విడ్డూరంగా తోచవచ్చు. గట్టిగా ఎదురునిలిచేది విరుగుతుంది, ఒదిగేది నిలుస్తుంది. ఏడాదికి 250 నుంచి 300 ఆవృత్తుల చొప్పున ఇరవై ఏళ్లకు ఐదారు వేలు. సంఖ్య చిన్నదే అయినా ప్రతి దెబ్బా పెద్దది.

మూడోది పీడనాన్ని పెంచీ తగ్గించీ వాయువులను వేరుచేసే స్తంభం. పీఎస్‌ఏ అన్న పేరు కోవిడ్ కాలంలో ఇంటింటికీ తెలిసింది. 2021లో పీఎం కేర్స్ నిధులతో దేశంలో 1,200కు పైగా ఆసుపత్రి ఆక్సిజన్ కేంద్రాలు మంజూరయ్యాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రులలోనూ అవి నెలకొన్నాయి. ఆ యంత్రంలో జియోలైట్ గుళికలు నింపిన రెండు స్తంభాలుంటాయి. ఒకదానిలోకి ఒత్తిన గాలిని పంపితే గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి. గుళికలు నిండగానే పీడనాన్ని తగ్గిస్తే నైట్రోజన్ బయటకు పోతుంది. ఆ సమయంలో రెండో స్తంభం పనిచేస్తుంది. శుద్ధి కర్మాగారాలలో హైడ్రోజన్‌ను శుభ్రపరిచే పీఎస్‌ఏ స్తంభాలు కూడా ఇదే సూత్రంపై, ఇంకా ఎక్కువ పీడనంతో పనిచేస్తాయి.

ఆక్సిజన్ స్తంభంలో పీడనం కొద్ది బార్లే. ఒక్కో ఆవృత్తి మాత్రం సుమారు నిమిషంలో ముగుస్తుంది. రోజంతా నడిస్తే 1,440 ఆవృత్తులు, ఏడాదికి 5 లక్షలకు పైగా, ఇరవై ఏళ్లకు కోటి దాటుతాయి. యూరియా రియాక్టరు తన జీవితకాలంలో చూసే ఆవృత్తులను ఈ స్తంభం ఒక పూటలో చూసేస్తుంది. చూడటానికి సాదాసీదాగా, పలుచని గోడతో ఉండే ఈ పాత్రే అలసట దృష్ట్యా అన్నిటికన్నా కఠినమైన పరీక్షను ఎదుర్కొంటోంది. గాలి ట్యాంకు కొలతలతో చేసి, స్తంభంగా నిలబెడితే సరిపోతుందనుకోవడం పెను పొరపాటు.

పగులు ఎక్కడ పుడుతుంది

సాదా గోడలో పగులు పుట్టడం అరుదు. ఆకారం మారే చోట, ద్వారం ఉన్న చోట, అతుకు ఉన్న చోట పుడుతుంది. పలకకు గుండ్రని రంధ్రం చేసి ఒక దిశలో లాగితే, రంధ్రపు అంచున ప్రతిబలం మిగిలిన చోటికి మూడు రెట్లు ఉంటుందని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లో గణితంతో నిరూపించాడు. పీడన పాత్రకు గొట్టాలు బిగించే నాజిళ్లు, మనిషి దిగే మ్యాన్‌హోళ్లు అన్నీ రంధ్రాలే. వేల మగ్గాలున్న సూరత్‌లో దర్జీకి తెలియని సంగతి కాదు ఇది. చొక్కాకు గుండీ రంధ్రం చేయగానే దాని చుట్టూ దారంతో దట్టంగా కుడతాడు.

ఇంజనీరు కూడా రంధ్రం చుట్టూ బలం చేరుస్తాడు. చేర్చే పద్ధతి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఒక ఉంగరపు పట్టీని గోడకు ఆనించి చుట్టూ వెల్డింగ్ చేయడం చవకైన మార్గం. నిలకడైన పీడనానికి అది చాలు. చక్రీయ భారానికి పనికిరాదు. పట్టీకీ గోడకూ మధ్య సన్నని సందు మిగిలి, అతుకు మూల పగులుకు సిద్ధంగా ఉన్న గాటులా పనిచేస్తుంది. అందుకే పీఎస్‌ఏ వంటి పాత్రలకు నాజిల్‌నే మందమైన పోతపనితో గాక, సుత్తెపోటుతో మలచిన ఫోర్జింగ్‌గా చేసి, గోడ మందమంతా నిండేలా వెల్డింగ్ చేసి, మూలలను నునుపైన వంపులుగా చెక్కుతారు.

వెల్డింగ్ అతుకు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. బలమైన ఉక్కు వాడితే అలసటను జయించవచ్చని అనుకోవడం సహజం. సాదా లోహానికి అది కొంతవరకు నిజమే. అతుకు వద్ద ఆ లాభం దాదాపు ఉండదు. అతుకు అంచున కంటికి ఆనని గాట్లు పుట్టుకతోనే ఉంటాయి కనుక, పగులు పుట్టే దశ గడిచిపోయి పాకే దశే మిగులుతుంది. ఆ దశలో గట్టి ఉక్కు, మెత్తటి ఉక్కు దాదాపు ఒకే వేగంతో తెగుతాయి. ఖరీదైన ఉక్కు కొని గోడను పలుచన చేస్తే అతుకు వద్ద ప్రతిబలం పెరిగి, పాత్ర మరింత త్వరగా పాడవుతుంది. ఇక్కడ డబ్బు ఖర్చు పెట్టవలసింది గ్రైండింగ్ మీద. ఉబ్బెత్తుగా ఉన్న అతుకును గోడతో సమంగా అరగదీస్తే ఆయువు చెప్పుకోదగినంత పెరుగుతుంది.

మరో దోషం ప్లేటును వంచే దగ్గర వస్తుంది. ప్లేటును రోలింగ్ యంత్రంలో చుట్టేటప్పుడు రెండు అంచులూ చివరిదాకా వంగవు. వాటిని కలిపి నిలువునా అతికితే, ఆ గీత వెంబడి పాత్ర గుండ్రంగా ఉండక పెంకుటిల్లు కొప్పులా కొద్దిగా పైకి లేస్తుంది. కొలిస్తే కొద్ది మిల్లీమీటర్లే ఉండవచ్చు. లోపల పీడనం వచ్చిన ప్రతిసారీ ఆ కొప్పును సరిచేసి గుండ్రంగా మార్చాలని చూస్తుంది. గోడ సాగడానికి తోడు వంగడం కూడా మొదలై, అసలు లెక్కలో లేని ప్రతిబలం అతుకు మీద పడుతుంది. కోటి ఆవృత్తుల పాత్రకు ఇది చాలు. తయారీ డ్రాయింగులో ఈ కొప్పు ఎత్తుకు హద్దు రాయించి, పలకపై కోసిన వంపు కొలబద్దతో అతుకు పొడవునా కొలిపించడం మంచి కొనుగోలుదారు లక్షణం.

పాత్ర కర్మాగారం దాటిన తరువాత చేసే చిన్న పనులు మరింత ప్రమాదకరం. కేబుళ్లు మోసే ట్రేకు ఆధారమనో, నిచ్చెనకు పట్టు అనో ఒక ఇనుప ముక్కను గోడకు అతికించేస్తారు. రూపకల్పన చేసిన ఇంజనీరు నెలల తరబడి లెక్కలు కట్టి తప్పించిన గాటు, అయిదు నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది.

2, 20, 1000

అలసటకు తగిన రూపకల్పన విధానం అణు విద్యుత్తుతో పాటు రూపు దిద్దుకుంది. అమెరికాలో బెర్నార్డ్ లాంగర్ తదితరులు 1960ల ఆరంభంలో ప్రతిపాదించిన పద్ధతిని అమెరికన్ సొసైటీ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్, అంటే ఏఎస్ఎంఈ, 1963లో అణు పాత్రల నియమావళిలోను, 1968లో సాధారణ పాత్రల రెండో విభాగంలోను చేర్చింది. ప్రపంచమంతటా, హజీరాలోనూ విశాఖలోనూ, ఎక్కువగా వాడేది ఈ నియమావళే. భారతీయ ప్రమాణాల సంస్థకు ఐఎస్ 2825 పేరుతో 1969 నాటి సొంత ప్రమాణం ఉంది. దేశంలో ఒత్తిన వాయువుల పాత్రలకు అనుమతులిచ్చేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ.

ప్రయోగశాలలో నునుపైన చిన్న కడ్డీలను పరీక్షించి వక్రరేఖ గీస్తారు. దానిని నేరుగా పాత్రకు వర్తింపజేయరు. ప్రతిబలాన్ని 2తో, ఆవృత్తులను 20తో భాగించి, ఆ రెండింటిలో ఏది తక్కువైతే దానిని తీసుకుంటారు. ఈ 20ని చూసి ఇరవై రెట్ల భద్రత ఉందని మురిసేవారున్నారు. ఒకే రకపు కడ్డీల ఫలితాలలోనే ఉండే తేడాకు 2, చిన్న కడ్డీకీ పెద్ద పాత్రకూ ఉన్న పరిమాణ భేదానికి 2.5, ఉపరితలపు గరుకుదనానికీ పరిసరాలకూ 4. వీటిని హెచ్చిస్తే 20 వస్తుంది. అంటే ఇది ప్రయోగశాలకూ వాస్తవానికీ మధ్య దూరాన్ని పూడ్చే సంఖ్య. మిగులు భద్రత అందులో కొద్దిగానే ఉంటుంది.

ప్రతి పాత్రకూ ఈ సుదీర్ఘ విశ్లేషణ అక్కరలేదు. గతానుభవం ఆధారంగా ఏఎస్ఎంఈ ఒక వడపోత పెట్టింది. మామూలు ఉక్కుతో, అన్ని భాగాలూ ఏకఖండంగా అతికిన పాత్రకు ముఖ్యమైన ఆవృత్తుల మొత్తం 1000 లోపు ఉంటే అలసట విశ్లేషణను మినహాయించవచ్చు. అంతకు మించితే లెక్క కట్టాలి. వేర్వేరు స్థాయుల ఆవృత్తులు కలగలిసి వస్తే ఏ స్థాయిలో ఎంత ఆయువు ఖర్చైందో విడివిడిగా చూసి కూడతారు. పది వేల ఆవృత్తులు తట్టుకునే స్థాయిలో రెండు వేలు గడిస్తే అయిదో వంతు అయిపోయినట్లు. అన్నీ కూడితే ఒకటి దాటకూడదు. 1924లో స్వీడన్‌కు చెందిన పామ్‌గ్రెన్, 1945లో అమెరికాకు చెందిన మైనర్ చెప్పిన సూత్రమిది. పద్దు పుస్తకంలో అప్పు తీర్చినట్లే ఉంటుంది లెక్క.

ఇంత లెక్కకూ ఆధారం ఒక కాగితం. పాత్రను కొనే సంస్థ తన అవసరాలను రాసి ఇచ్చే పత్రంలో, జీవితకాలంలో ఎన్ని ఆవృత్తులు, ఏ పీడనం నుంచి ఏ పీడనం వరకు, ఏ ఉష్ణోగ్రతల మధ్య అన్నది పేర్కొనాలి. తయారీదారు దానిని ఊహించి రాయలేడు. ఆ గడిని ఖాళీగా వదిలేసినా, పాత టెండరు నుంచి నకలు దింపినా, తరువాతి లెక్కలన్నీ ఎంత శ్రద్ధగా చేసినా గాలిలో మేడలే. ఏ పాత్రకైనా బలహీనమైన అతుకు ఇదేనని చెప్పవచ్చు.

మందం పెంచితే పోతుందిగా అన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. పీడనమే కారణమైతే ఆ మాట చాలావరకు నిజం. ప్రతిబలాన్ని పది శాతం తగ్గిస్తే అతుకు ఆయువు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. వేడి కారణమైతే కథ అడ్డం తిరుగుతుంది. గోడ మందమైన కొద్దీ లోపలి వైపుకూ బయటి వైపుకూ ఉష్ణోగ్రత తేడా పెరిగి, ప్రతిబలం ఎక్కువవుతుంది. మందపాటి గాజు గ్లాసులో మరిగే నీళ్లు పోస్తే పలుచని గ్లాసు కంటే ముందు చిట్లడం వంటిదే ఇది. అటువంటి పాత్రలకు మందం కంటే నెమ్మదిగా వేడిచేయడం, నెమ్మదిగా చల్లార్చడం మేలు చేస్తాయి. కోక్ డ్రమ్ముల ఆయువులో సగం రూపకర్త చేతిలో ఉంటే, మిగతా సగం నీటి కవాటాన్ని ఎంత వేగంగా తిప్పాలో నిర్ణయించే ఆపరేటరు చేతిలో ఉంటుంది. ఉత్పత్తి పెంచాలని చల్లార్చే సమయాన్ని కుదించిన ప్రతిసారీ ఆ ఖర్చు అతుకుల పద్దులో చేరుతుంది.

వాడకంలో ఉన్న పాత్రలు

కొత్త పాత్రను నీటితో నింపి, నిర్ణీత పీడనం కంటే ఎక్కువకు పెంచి చూసే పరీక్షను హైడ్రో టెస్టు అంటారు. ఏఎస్ఎంఈ మొదటి విభాగం ప్రకారం అది 1.3 రెట్లు. ఈ పరీక్షలో నెగ్గిన పాత్రకు ఆ రోజున పెద్ద లోపం లేదని తెలుస్తుంది. అలసట సంగతి తెలియదు, ఎందుకంటే పరీక్ష జరిగింది ఒక్క ఆవృత్తికే. పగుళ్ల వేటకు వేరే సాధనాలున్నాయి. ఉపరితలపు పగుళ్లకు రంగు ద్రవం, అయస్కాంత చూర్ణం; లోపలి వాటికి అతిధ్వని తరంగాలు. ఎక్కడ వెతకాలో ముందే తెలిస్తేనే ఇవి ఫలిస్తాయి. రూపకల్పనలో అత్యధిక ప్రతిబలం తేలిన నాజిళ్లు, అతుకుల జాబితా తనిఖీ చేసేవారి చేతికి చేరాలి.

సామాన్యుడికి అతి దగ్గరగా ఉండే పీడన పాత్ర సీఎన్‌జీ సిలిండరు. సూరత్ ఆటోలోనైనా, విజయవాడ, హైదరాబాదు ఆటోలలోనైనా అందులోని వాయువు పీడనం 200 బార్ల వరకు ఉంటుంది. రోజుకు రెండుసార్లు నింపితే ఏడాదికి 700కు పైగా ఆవృత్తులు. అందుకే ఈ సిలిండర్ల నమూనాలను తయారీ దశలోనే వేల ఆవృత్తులు నింపి, ఖాళీ చేసి పరీక్షిస్తారు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సేవాకాలపు ప్రతి ఏడాదికీ వెయ్యి ఆవృత్తుల లెక్కన తట్టుకోవాలి. ఆ తరువాత పగిలినా కారిపోవాలే తప్ప పేలకూడదు. మన దేశపు నిబంధనల ప్రకారం మూడేళ్లకొకసారి సిలిండరును విప్పి పరీక్ష చేయించాలి. ఆ తేదీ సిలిండరు మెడ వద్ద చెక్కి ఉంటుంది. పరీక్షకు ఒక రోజు బేరం పోతుందని వాయిదా వేసే డ్రైవరు కష్టం అర్థం చేసుకోదగినదే. కాని ఆ సిలిండరు ఉండేది ప్రయాణికుల సీటు వెనుకనే.

హైడ్రోజన్ రాకతో ఈ విషయం మళ్లీ ముందుకు వచ్చింది. ఇచ్ఛాపూర్ సమీపంలోని కవాస్‌లో ఎన్‌టీపీసీ తన ఆదిత్యనగర్ నివాస సముదాయపు వంటగ్యాసులో హరిత హైడ్రోజన్‌ను కలిపి సరఫరా చేయడం 2023 జనవరిలో ప్రారంభించింది. దేశంలో ఇటువంటిది అదే మొదటిది. అనకాపల్లి జిల్లా పూడిమడక వద్ద హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. సౌర విద్యుత్తుతో పగలు హైడ్రోజన్ తయారుచేసి, రాత్రి వాడుకునే ఏర్పాటులో నిల్వ పాత్ర రోజూ నిండి, రోజూ ఖాళీ అవుతుంది. పాతికేళ్లకు 9,125 ఆవృత్తులు. పైగా అధిక పీడనంలోని హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి చొరబడి పగులు కొనను పెళుసుబరుస్తాయి. సాధారణ గాలిలో కంటే పగులు పది రెట్లకు మించి వేగంగా పాకిన సందర్భాలు ప్రయోగాలలో నమోదయ్యాయి. సహజవాయువుకు సరిపోయిన పాత్రను హైడ్రోజన్‌కు మార్చే ముందు లెక్క మొదటి నుంచి కట్టక తప్పదు.

పాత యంత్రాలను కొనే చిన్న పరిశ్రమలవారికి ఒక మాట. పాత్రకు బిగించిన లోహపు పలకపై అనుమతించిన పీడనం, ఉష్ణోగ్రత, తయారీ సంవత్సరం, క్రమసంఖ్య ఉంటాయి. ఎన్ని ఆవృత్తులకు రూపొందించారో, ఇప్పటికి ఎన్ని గడిచాయో దానిని చూసి తెలుసుకోలేరు. మొదటిది తయారీదారు ఇచ్చిన పత్రాలలో ఉంటుంది, రెండోది వాడినవారి లాగ్ పుస్తకంలో ఉండాలి. పత్రాలు దొరకనప్పుడు కంప్రెసరుకు ఉన్న గంటల మీటరును చూసి, ఒక్కో ఆవృత్తికి పట్టే సమయంతో భాగిస్తే స్థూలమైన సంఖ్య వస్తుంది. ఆ సంఖ్యతో అర్హత గల తనిఖీదారును సంప్రదించి, నాజిళ్ల మూలలను, నిలువు అతుకును, కాళ్లు అతికిన చోట్లను పరీక్ష చేయించిన తరువాతే పాత్రను మళ్లీ పీడనం కిందకు తేవాలి.